కాలివేలికి కట్టిన దారం

ఈ పొద్దున ఆకాశం బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. మబ్బు అందామంటే మబ్బు కాదు, ఎండ అందామంటే నీడలు పడటం లేదు. తూర్పున ఒక్క చోట మాత్రం, ఎవరో లోపలి గదిలో దీపం పెట్టి తలుపు దగ్గరగా వేసినట్టు, సన్నటి పసుప్పచ్చ గీత. ఇలాంటి పొద్దున కాలవకి ముఖం ఉండదు. ఆకాశం ఎక్కడ ఆగిందో నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో గట్టు మీద కూర్చున్నవాడికి తెలియదు. నా గాలం బెండు ఆ రెంటికీ మధ్య, ఎవరి తరఫునా కాకుండా, నిలబడి ఉంది. దాని కింద దారం నీళ్ళలోకి పోతోంది. ఈవల దారం గట్టు మీదికి పాకి వచ్చి నా కుడికాలి బొటనవేలికి చుట్టుకుని ఉంది. దారం కాలికి ఎందుకుందో చెప్పాలంటే చేతులు ఎక్కడున్నాయో ముందు చెప్పాలి. ఎడమ చెయ్యి బుడ్డదాని కింద ఉంది. కుడి చెయ్యి దాని వీపు మీద ఆడుతోంది. బుడ్డది నా గుండెల మీద నిద్రపోతోంది.

నిద్ర అని అనేశాను గాని దీన్ని నిద్ర అనడానికి నాకు భయంగానే ఉంది, పేరు పెట్టి పిలిస్తే లేచిపోతుందేమో. బుడ్డది మా రెండోది. ఇంకా నడక రాలేదు, పాక్కుంటూ పోయి గడప దగ్గర ఆగి, అవతలి లోకాన్ని తనిఖీకి వచ్చిన అధికారిలా చూస్తుంది. వారం పాటు జ్వరం. ఇవాళ తెల్లవారేసరికి మెడ కింద చెమట పట్టి, ఒళ్ళు చల్లబడి, దిగింది. జ్వరం దిగింది గాని నిద్ర రాలేదు. పడుకోబెడితే ఏడుస్తుంది, కూర్చోబెడితే గునుస్తుంది, ఎవరి గుండెలకో ఆనుకుని వీపు మీద చెయ్యి ఆడుతూ ఉంటేనే కన్ను మూస్తుంది. చెయ్యి ఆగిందా, కన్ను తెరుచుకుంటుంది. కన్ను తెరిస్తే ఏడుపు, ఏడుపంటే తల్లి, తల్లంటే పాలు. నేను ఎంత జోకొట్టినా అక్కడ నాతో పని లేదు. వారం నుంచి వాళ్ళమ్మ అలా లేస్తూనే ఉంది. మా ఆవిడ కుట్టు షెడ్డులో మిషన్ మీద చొక్కాలకి కాలర్లు కుడుతుంది, ఆదివారమైనా సరే మధ్యాహ్నం పోయి చీకటి పడ్డాక వస్తుంది. నిన్న కుడుతూ కుడుతూ కునుకు పట్టింది. కాలు పెడల్ మీదే ఉండిపోయింది. సూది ఎడమ చూపుడువేలి గోట్లోంచి దిగింది. ఇంటికొచ్చి చెప్పనైనా చెప్పలేదు, అన్నం వడ్డిస్తుంటే గుడ్డకట్టు చూసి నేనే అడిగాను. ఏం లేదు, నిద్ర పొడిచింది అంది నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు. తర్వాత గిన్నెలు సర్దుతూ, నాతో కాదు, గోడతో చెప్పినట్టు చెప్పింది.

"రేపు పనికి పోయేలోపల ఒక్క నిద్ర తియ్యాలి. లేకపోతే ఈసారి వేలితో పోదు."

గోడ ఏం విందో తెలియదు. నేను విన్నాను. అందుకని పొద్దున పాత దుప్పటి మడిచి, జోలెలా భుజానికి ముడేసి, పిల్లని అందులో వేసుకుని బయటపడ్డాను. ఇంట్లో అయితే అయ్యే పని కాదు. మాది రెండు గదుల ఇల్లు, ఒక గదిలో గ్లాసు దించితే రెండో గదిలో పిల్ల లేస్తుంది. మా అత్తగారికి చెవులు కొంచెం దూరం. తనకి వినపడనిది లోకానికీ వినపడదనుకుంటుంది, అందుకని రహస్యాలు కూడా వీధి చివరిదాకా చెబుతుంది. పెద్దదానికి ముందుపన్ను ఊగుతోంది. ఆదివారం, బడి లేదు, ఊగే పన్ను తప్ప దానికి వేరే వ్యాపకం లేదు, కనపడ్డవాళ్ళకల్లా నోరు తెరిచి నాలుకతో ఊపి చూపిస్తోంది. ఇద్దర్నీ వాకిట్లో చిక్కుళ్ళు వలవడానికి కూర్చోబెట్టి, అమ్మ లేచిందా మీ ఇద్దరి పనీ చెబుతానన్నాను. సైగలతో చెప్పాను. అత్తగారు కూడా తన వంతుగా గుసగుసలాడింది, పిల్లనెత్తుకుని చేపలకి పోయే మగాణ్ణి ఇన్నేళ్ళకి చూస్తున్నానని. ఎదురింటి అరుగు మీద కుక్క లేచి చూసింది. చేపలకి కాదు, పిల్లని ఆడించడానికి అన్నాను. అది అబద్ధం కాదు. అలాగని నిజమూ కాదు.

కాళ్ళు వాటంతటవే కాలవ దారి పట్టాయి. తూము పక్క రాతి సందులో నేను దాచుకునే పుల్ల ఉంది, పుల్లకి చుట్టిన నైలాన్ దారం ఉంది, గాలం ఉంది, బెండు ఉంది, అన్నింటికీ మించి వేళ అదే. ఆ వేళని నేను ఒక చేపకి నేర్పాను. ఈ మాట ఎవరితోనూ అనను, అంటే నవ్వుతారు. పెళ్ళికి ముందు చేపలకి వీలున్నప్పుడు నేను పోయేవాణ్ణి. వానపడి వెలిసినప్పుడు, తూము ఎత్తినప్పుడు, నీళ్ళు ఎర్రబడి తేరుకుంటున్నప్పుడు. ఇప్పుడు నాకు వీలున్నప్పుడు అవి రావాలి. నేను కట్టె కోసే మిల్లులో రంపాలకి పదును పెడతాను. మిల్లు తెరిచేలోపు పెద్దదాన్ని సైకిలు మీద బడి దగ్గర దించాలి. బడికీ మిల్లుకీ మధ్య ఈ కాలవ గట్టు. ఆ మధ్యలో, ఒక కాలు నేల మీద ఆనించి సైకిలు ఆపినంతసేపు, నాది. గాలం వెయ్యడానికి అది చాలదు. పిడికెడు మేత విసరడానికి చాలుతుంది. రాత్రి మిగిలిన అన్నం, కొంచెం తవుడు, కలిపి ముద్ద చేసి, రోజూ అదే రాయి ముందు, అదే వేళకి విసిరాను. చేపకి గడియారం లేదు గాని కడుపు ఉంది. మొదట్లో చిల్లర చేపలు వచ్చి ముద్దని చిల్లర చేసుకుపోయేవి. తర్వాత తర్వాత అవి ఎందుకో పక్కకి తప్పుకోవడం మొదలుపెట్టాయి, పెద్దమనిషి వస్తుంటే సందులో పిల్లలు గోడవారకి జరిగినట్టు. ఒక పొద్దున నేను సైకిలు ఆపేసరికి రాయి ముందు బుడగలు వస్తున్నాయి. నేను ఇంకా ఏమీ విసరలేదు. నాకోసం వచ్చి కూర్చుంది.

బంగారుతీగ. అంత పెద్దది ఈ కాలవలో ఉందని నాకు తెలియదు. ఒకసారి ఒళ్ళు తిప్పింది, నీళ్ళ అడుగున ఇత్తడి పళ్ళెం వాల్చినట్టు మెరిసింది. ఇంకోసారి ముద్ద కోసం మూతి పైకెత్తినప్పుడు పెదవుల పక్కన చిన్న మీసాలు కనపడ్డాయి. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ దానికి మీసాలాయన అని పేరు పెట్టేసింది. మా నాన్నా అంతే, అన్నం వేళకి తప్ప కనపడేవాడు కాదు అంది. అత్తగారికి ఆ మాట మాత్రం సరిగ్గా వినపడింది. అప్పటినుంచి ఆవిడకి ఆ చేప మీద కోపం. నేను సత్తుగిన్నెలో మేత కలిపినప్పుడల్లా, ఏం, ఆ చేపని చదివిస్తున్నారా, రోజూ క్యారేజీ పోతోంది అంటుంది. మనుషుల నోటి ముందరి అన్నం నీళ్ళపాలు చేసే ఇంటికి పిల్లనిచ్చాను చూడూ అంటుంది. మా ఆవిడ గిన్నె కడిగి తలుపు పక్కన బోర్లిస్తుంది. ఆ గిన్నెకి ఒక పక్క సొట్ట. పెద్దది పుట్టిన కొత్తలో నా చేతిలోంచి జారి పడి, ఆ చప్పుడుకి పిల్ల లేచి, ఇక ఆ రోజంతా ఎవరికీ నిద్ర లేదు. ఇంట్లో ప్రతి సొట్టకీ ఒక ఏడుపు గుర్తుంటుంది.

గత వారం ఒక్కరోజూ నేను ఇటు రాలేదు. మిల్లుకి సెలవు పెట్టి కొన్నాళ్ళు, పెట్టకుండా కొన్నాళ్ళు, పిల్లని ఎత్తుకుని ఆసుపత్రి బెంచీ మీదే నా వేళ గడిచిపోయింది. అక్కడ గోడకి లేత ఆకుపచ్చ రంగు, పై అంచున చెమ్మ దిగి కాలవ మ్యాపులా ఒక మరక, ఆ మరక వంపులో మీసాలాయన ఎక్కడ ఉంటాడా అని చూస్తూ కూర్చున్నాను. పిల్ల ఒళ్ళు కాలిపోతుంటే చేప గుర్తుకొచ్చినందుకు సిగ్గేసింది. సిగ్గేసినా గుర్తుకు రావడం మానలేదు. రాయి ముందుకి వచ్చి, బుడగలు వదిలి, ఎదురుచూసి, పోయి ఉంటుంది. రెండు రోజులు చూస్తుంది, మూడో రోజు మర్చిపోతుంది అనుకున్నాను. అనుకుంటే బడి వదిలాక ఎవరూ రాని పిల్లలా ఒక ముఖం కనపడింది, చేపకి అలాంటి ముఖం ఉండదని తెలిసినా. అందుకే ఇవాళ గట్టెక్కి రాయి ముందు బుడగలు చూసేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి. సన్నటి బుడగలు, గుప్పెడు గుప్పెడుగా, అదే చోట. మర్చిపోలేదు. వారం పస్తుంచినా మర్చిపోలేదు. ఎలా మర్చిపోలేదు?

మా నాన్న బుట్టలు అల్లేవాడు. మేం అయిదుగురం పిల్లలం, నాన్నమ్మ మంచం మీద, అమ్మ ఇటుకల పనికి. నాన్న చేతులు ఖాళీగా ఉండగా నేను చూడలేదు. అందుకని ఆయన కాలితో చేపలు పట్టేవాడు. నీళ్ళ ఒడ్డున కూర్చుని, వెదురు బద్దలు తడుపుతూ, అల్లుతూ, దారం కొస బొటనవేలికి కట్టుకునేవాడు. ఆయన బొటనవేలి చుట్టూ ఉంగరం పెట్టి తీసినట్టు ఒక గాడి ఉండేది. కళ్ళు బుట్ట మీదే ఉండేవి, పెదవులు దేనికో లెక్క పెడుతున్నట్టు కదిలేవి, ఉన్నట్టుండి కాలు ఇలా అని వెనక్కి లాగేవాడు, గడ్డిలో ఒక చేప వచ్చి పడేది, ఆయన మళ్ళీ బద్ద ఎత్తేవాడు. చిన్న చేపలకే ఆ పద్ధతి. పెద్దది పడితే వదిలెయ్యాలి. దానికి ఒక ముడి ఉంది. దారం రెండు చుట్లు చుట్టి, కొసని మడిచి దూర్చి, తోక బయటికి వదలాలి. ఆ తోకని రెండో కాలి వేళ్ళతో పట్టి గుంజితే ముడి మొత్తం విడిపోతుంది. కాలు నీది, చేప నీళ్ళది, నీ కాలు నువ్వు వెనక్కి తెచ్చుకునే దారి ముందే పెట్టుకో అని చెప్పి నా చిన్న కాలికి కట్టి విప్పి, కట్టి విప్పి నేర్పాడు. బద్దలు కోసుకున్న ఆయన వేళ్ళు నా పాదం మీద గరుకుగా, ఆకురాయిలా తగిలేవి. ఇప్పుడు నేను రోజంతా ఆకురాయి పట్టుకునే బతుకుతున్నాను. ఆ గరుకు నాకు కొత్త కాదు.

ఆ ముడే ఇవాళ వేశాను. ఒక్క చేత్తో వేశాను, రెండో చెయ్యి పిల్ల వీపు మీద ఆడుతూనే ఉండాలి కాబట్టి. కింద కూర్చుని, రాయికి వీపు ఆనించి, కుడిపాదం దగ్గరికి లాక్కుని, చూడకుండానే, జోలె అడ్డం కాబట్టి. ఇంటి నుంచి ఆకులో చుట్టి తెచ్చిన ముద్ద గాలానికి గుచ్చడం కూడా అలాగే. పడ్డ చేప జారకుండా ఆపే వెనకముల్లు నా గాలానికి లేదు, పెద్దది ఒకసారి వేలికి గుచ్చుకుని ఏడ్చినప్పుడే ఆకురాయితో అరగదీసేశాను. ఎర నీళ్ళలో పడింది, వలయాలు వచ్చాయి, వలయాలు పోయాయి. అప్పటినుంచి ఇలాగే ఉన్నాను. జోలె ముడి భుజం మీద కొంచెం జారింది, అందుకే ఎడమ చెయ్యి పిల్ల కింద పెట్టాల్సి వచ్చింది. కుడి చెయ్యి తన పని తాను చేసుకుపోతోంది. ఇప్పుడు ఆ చెయ్యి నాది కాదు, ఎవరో అక్కడ వదిలిపెట్టి పోయిన చెయ్యి.

బుడ్డది ఊపిరి నా చొక్కాలోంచి వెచ్చగా దిగుతోంది. ముందు గబగబా ఉండేది, ఇప్పుడు ఒక్కో ఊపిరికీ మధ్య మెట్టు పెద్దదవుతోంది. దిగుతోంది, దిగుతోంది. దీని నిద్ర దిగినకొద్దీ అక్కడ ఇంట్లో వాళ్ళమ్మ నిద్ర కూడా దిగుతున్నట్టు నాకు అనిపిస్తోంది. ఇద్దరికీ ఒకే దారం కట్టినట్టు, ఈ కొస నేను పట్టుకున్నట్టు. ఈపాటికి ఎంత లోతుకి పోయి ఉంటుంది మా ఆవిడ? ఆమె నిద్ర అడుగున తెల్లటి చొక్కా కాలర్లు చిన్న చిన్న చేపల్లా బారులు తీరి ఈదుతుంటాయేమో. ఒకదాని వెనక ఒకటి, ఒకదాని వెనక ఒకటి, ఎక్కడికో. ఆమె నిద్రలో కూడా కుడికాలు కదుపుతుంది. దుప్పటి కింద లేని పెడల్ తొక్కుతుంది. నేను చూస్తూ పడుకుంటాను, తొక్కి, ఆగి, తొక్కి, ఇదిగో ఒక కాలరు అయింది, ఇదిగో ఇంకోటి అనుకుంటాను. లేపి చెప్పాలనిపిస్తుంది, ఇది షెడ్డు కాదు, ఇల్లు అని. చెప్పడానికి లేపాలి కదా. లేపను. ఇవాళ మిల్లు మూసి ఉంది, రంపం కూత లేదు, గాలి కూడా దాని చెప్పులు విడిచి నడుస్తున్నట్టుంది. ఆకాశంలో ఆ పసుపు గీత కొంచెం వెడల్పయింది. బెండు పక్కన తూనీగ వాలి, లేచి, మళ్ళీ అదే చోట వాలింది. వాలినప్పుడు నీళ్ళలో ఇంకో తూనీగ కింది నుంచి దాని కాళ్ళు అందుకుంది. బుడగలు రాయి దగ్గర నుంచి బెండు వైపు నడుస్తున్నాయి. నేను బెండు వైపు చూడటం లేదనే అనుకుంటున్నాను. చూస్తే నాకు కోరిక పుడుతుంది, కోరిక పుడితే గుండె కొట్టుకుంటుంది, ఆ గుండె మీదే కదా దీని చెవి ఉంది.

బెండు ఊగలేదు. పక్కకి వాలి, పడుకుని, లేచి, ఆలోచించి, నీళ్ళలోకి నడిచి వెళ్ళిపోయింది.

వేలు ముందుకు పోయింది. వేలి వెనక పాదం, పాదం వెనక మోకాలు. ఎదురుగా నాటిన గట్టురాయికి మడమ తన్నిపెట్టి ఆపాను. అంత బరువు ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. లాగుతున్నట్టు కూడా లేదు, కాలవే లేచి నడక మొదలుపెట్టినట్టుంది. దారం నీళ్ళని కోస్తూ ఎగువకి పోయింది, ఆగింది, దిగువకి వచ్చింది. వారం పస్తున్న చేప బలం కాదిది. ఎడమకాలి వేళ్ళతో ముడి తోక కోసం వెతికాను. ఒకసారి, రెండుసార్లు. దొరకలేదు. అప్పుడు అర్థమయింది. ఒక్క చేత్తో, చూడకుండా వేసిన ముడిలో తోక చుట్ల కిందికి పోయింది. నాన్న చెప్పిన దారి నేను లోపలే పెట్టి తాళం వేసుకున్నాను. దారం లాగినకొద్దీ తోక మీద బిగుస్తోంది. వేలు తెల్లబడింది, తర్వాత వంకాయ రంగుకి వచ్చింది. కత్తి ఉంది. చొక్కా జేబులో ఉంది. జేబు మీద బుడ్డది చెంప పెట్టుకుని ఉంది. చెంప నొక్కుడుకి పెదవులు పువ్వులా ముడుచుకుని, ఒక మూల నుంచి చొంగ నా జేబులోకే కారుతోంది. లేచి నిలబడితే లేస్తుంది. వంగితే లేస్తుంది. చెయ్యి ఆపితే లేస్తుంది. నాకు నోరు ఒక్కటే ఖాళీగా ఉంది, దాన్ని గట్టిగా మూసుకుని కూర్చున్నాను.

ఎంతసేపో తెలియదు. నొప్పి కూడా కాసేపటికి దూరం జరిగి, వేరేవాళ్ళ కాలి నొప్పి గురించి వింటున్నట్టు అయింది. చేప ఒడ్డు వైపు వచ్చి నా ఎదురుగా, బారెడు దూరంలో, పక్కకి వాలింది. పొలుసులు ఒక్కోటీ పాత నాణెం అంత ఉన్నాయి, వాటి మీద ఆకాశంలోని ఆ పసుపు గీత పడి ఉంది. దాని కన్ను నా వైపు ఉంది. ఇన్నాళ్ళు మేపినవాణ్ణి ఇప్పుడు చూస్తోంది. ఈ మీసాలాయన్ని భుజాన వేసుకుని మా వీధిలోకి నడిస్తే ఎలా ఉంటుందో వారాల తరబడి అనుకున్నాను. మిల్లులో రంపం పళ్ళు ఆకురాయితో రాస్తూ, ఒక్కో రంపపు పన్నుకీ ఒక్కో అడుగు, వీధి మొదటి నుంచి మా గడప దాకా నడిచాను. అత్తగారు నోరు మూసుకోవడం కూడా అందులో ఉంది. మా ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం ఉంది. పట్టేవాడుంటే చాలు, పట్టేయవచ్చు. అలిసిపోయింది. నేను కూడా.

గట్టు మీద గడ్డి పెద్దమ్మ మాట వినపడింది. ఆవిడ గేదెలకి గడ్డి కోసుకుపోతుంటుంది, మనిషి కంటే ముందు మాట వస్తుంది, ఎవరూ లేకపోతే గడ్డితో మాట్లాడుతుంది. నెత్తిన మోపు, చేతిలో కొడవలి, ఏం నాయనా ఇవాళ కూర్చున్నావే అని దూరం నుంచే మొదలుపెట్టింది. చెయ్యెత్తి ఆపడానికి నాకు చెయ్యి లేదు. కళ్ళు పెద్దవి చేసి ఆవిడ వైపు చూశాను, అంతే చెయ్యగలిగాను. ఆవిడ నా ముఖం చూసింది, జోలె చూసింది, కాలు చూసింది, కాలి నుంచి దారం వెంట నీళ్ళలోకి చూసింది. మాట మధ్యలో ఆగిపోయింది. ఆవిడ మాట మధ్యలో ఆగడం నేను చూడటం అదే మొదటిసారి. మోపు చప్పుడు కాకుండా దించి, నా పక్కన గొంతుక్కూర్చుంది. ఎంతమంది పిల్లల్ని పెంచిందో, పిల్ల ముఖం మీదికి తొంగిచూసి నిద్ర ఎంత లోతో ఇట్టే కొలిచేసింది.

"ఇంకా పచ్చి నిద్రే," అంది. అంత మెల్లటి గొంతు ఆవిడకి ఉందని నాకు తెలియదు. "నేను లాగుతాలే. నువ్వు కదలకు."

తల అడ్డంగా ఊపాను. ఆవిడ లాగితే చేప లేస్తుంది, నీళ్ళు లేస్తాయి, గట్టు మీద పడి తోకతో కొడుతుంది. బట్టలు ఉతికినట్టు ఉంటుంది ఆ చప్పుడు. నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు. నీళ్ళలోకి తొంగిచూసింది. తర్వాత చెప్పకుండా ఉండలేక అన్నట్టు చెప్పింది.

"ఇది నువ్వొక్కడివి మేపింది కాదు, నాయనా. వారం నుంచి మీ ఆవిడే వచ్చి పడేసి పోతోంది. సొట్టగిన్నెతో. నీకు చెప్పొద్దంది."

కాలవ ఒక్కసారి చాలా వెడల్పయింది. జ్వరం పిల్లని నేను ఆసుపత్రికి ఎత్తుకుపోయాక, ఇంట్లో ఎవరూ ఏడవని ఆ ఒక్క వేళలో ఆమె నడుం వాల్చి ఉంటుందని నేను అనుకున్నాను. ఆ బెంచీ మీద నాకు అదొక్కటే ఊరట. పడుకోలేదు. గిన్నె పట్టుకుని ఇంత దూరం నడిచి వచ్చింది. ఏ రాయి ముందు విసరాలో ఎలా తెలుసు? నేను చెబుతున్నప్పుడు విన్నది. చిక్కుముడి పడ్డ జడ దువ్వుకుంటూ, పాలు పడుతూ, అటు తిరిగి విన్నది. చేప నా వేళ మర్చిపోకుండా తన నిద్ర తెచ్చి పిడికెడు పిడికెడు నీళ్ళలో వేసింది. ఆ నిద్ర తిన్న బలమే ఇది, నా వేలిని కోస్తున్నది. ఇప్పుడు దీన్ని తీసుకుపోయి ఆమె ముందు పెడితే అది నాకూ ఆమెకీ న్యాయమే. ఆమె మేపింది అందుకే కదా. వదిలేస్తే ఆమె వారం రోజుల నిద్ర నీళ్ళపాలు. పట్టాలంటే ఇవాళ్టి నిద్ర పోతుంది. పోయిన నిద్రా, ఉన్న నిద్రా? బుడ్డది మూలిగింది. కనురెప్పల కింద కళ్ళు అటూ ఇటూ పరుగెత్తాయి. నా చెయ్యి ఆగిందని అప్పుడు తెలిసింది. మళ్ళీ ఆడించాను. పెద్దమ్మ కొడవలి దారం దగ్గర పెట్టి నా ముఖంలోకి చూస్తోంది.

"కోసెయ్ పెద్దమ్మా."

పుస్తకంలో పేజీ తిప్పినంత చప్పుడు కూడా కాలేదు. చేప వెంటనే పోలేదు. తనని ఎవరూ పట్టుకోలేదని దానికి ఇంకా తెలియక అక్కడే, అదే వాలుగా, కాసేపు ఉంది. ఒకసారి తల విదిల్చింది, ముల్లు లేని గాలం అదే జారిపోతుంది. తర్వాత ఇత్తడి రాగి అయింది, రాగి మట్టి అయింది, మట్టి నీళ్ళయింది. బెండు తేలి, ఇంత దారం ముక్క తోకలా వేసుకుని, దిగువకి సాగిపోయింది. పెద్దమ్మ నా వేలి చుట్టూ దారాన్ని కొడవలి కొసతో తెంపి, గడ్డి నమిలి రసం అద్ది, మోపు ఎత్తుకుని, గట్టు దిగిందాకా ఒక్క మాట మాట్లాడలేదు. దిగాక గడ్డితో మొదలుపెట్టడం వినపడింది.

నిద్ర పండిందాకా కూర్చున్నాను. పసుపు గీత తలుపు తీసేసింది, ఎండ వచ్చింది, నాకూ బుడ్డదానికీ కలిపి ఒక్కటే నీడ పడింది. ఆ నీడని ముందు పెట్టుకుని, కుడికాలు కొంచెం ఈడ్చుకుంటూ, చెయ్యి ఆడిస్తూ, ఇంటికి నడిచాను. వీధి మొదటి నుంచి గడప దాకా ఎన్ని అడుగులో నాకు ముందే తెలుసు. ఎవరూ చూడలేదు, కుక్క తప్ప.

మా ఆవిడ లేచి ఉంది. చెంప మీద చాప గళ్ళు అచ్చుపడి, కళ్ళు ఉబ్బి, ఎక్కడున్నదీ ఇంకా పూర్తిగా తెలియని ముఖంతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆ ముఖం చూసి ఎన్నాళ్ళయిందో. జోలెలోకి చూసింది. దింపనా అని కళ్ళతో అడిగింది, వద్దని కళ్ళతో చెప్పాను. గోడవార చాప మీద కూర్చున్నాను. అత్తగారు అన్నం గిన్నె రెండు చేతులతో పట్టుకుని, నూతిలోకి దించినట్టు, నేల మీదికి దించింది. కంచాలు ఒకదానికొకటి తగలకుండా మధ్య మధ్య గుడ్డ పెట్టింది. పెద్దది నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని, వేలు పెదవుల మీద పెట్టుకుని, మా అందరికీ కాపలా కాస్తోంది. నా చేతులు రెండూ పిల్ల దగ్గరే ఉన్నాయి. మా ఆవిడ తన కంచం నా పక్కకి జరుపుకుని, ఎడమ చేతి కట్టు తడవకుండా పైకెత్తి పట్టుకుని, కుడి చేత్తో చిక్కుళ్ళ కూర కలిపి నాకో ముద్ద పెట్టింది, తనో ముద్ద తిన్నది. నాకో ముద్ద. తనో ముద్ద. నీళ్ళ కోసం వంగినప్పుడు నా కాలివేలు చూసింది. గాడి చూసింది. చేప ఎక్కడైనా పెట్టానేమోనని గుమ్మం వైపు, ఖాళీగా ఉన్న మూల వైపు చూసింది. మళ్ళీ వేలు చూసింది. తన కుడిపాదం తెచ్చి నా పాదానికి ఆనించింది. అది ఏమీ తొక్కడం లేదు. ఊరికే ఉంది.

అప్పుడే పెద్దదాని పన్ను అన్నంలో ఊడింది. నోరు బార్లా తెరిచింది, కేక మొత్తం కళ్ళలోకి వచ్చింది గాని గొంతులోంచి రాలేదు. పన్ను అరచేతిలో పెట్టుకుని ఒక్కొక్కరి ముందుకీ తెచ్చి చూపించింది. మేం ఒక్కొక్కరం తలలు ఊపాం. అత్తగారి భుజాలు నవ్వుతో కదిలాయి, చప్పుడు రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. బుడ్డది నిద్రలోనే ఒకసారి పెద్దగా నిట్టూర్చి, చెంప మార్చుకుని, ఇంకో మెట్టు దిగింది.

మా ఆవిడ తలుపు పక్క నుంచి సొట్టగిన్నె అందుకుంది. మేత కోసం మొదటిసారి నా కళ్ళ ముందే అందుకుంది. అడుగున మిగిలిన అన్నం పిడికెడు తీసి అందులో వేసి, వేళ్ళతో అదిమి, తన పక్కన పెట్టుకుంది. అత్తగారు చూసింది. నోరు తెరిచింది. పిల్ల వైపు చూసి మూసుకుంది. తన కంచంలోంచి ఇంకో చిటికెడు తీసి ఆ గిన్నెలో పడేసి, ఎటో చూస్తూ నమలసాగింది. మా ఆవిడ నాకో ముద్ద పెట్టింది.